బెల్టు షాపు మాట పార్టీ కాగితంలోకి ఎక్కాలంటే

నీతి విషయాలూ సంఘ సంస్కరణా రాజకీయాలకు దూరంగా ఉండాలని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దలు తరచూ అంటారు. వాళ్ల భయం నిజమైనదే. పార్టీ జెండా వీధిలోకి వస్తే ఊరు రెండు వర్గాలవుతుంది, పెళ్లి పిలుపులు కూడా ఆగిపోతాయి. కానీ లైసెన్సు లేకుండా మద్యం అమ్మే బెల్టు షాపు మూయించాల్సింది, మంచినీళ్ల పైపు వేయించాల్సింది ప్రభుత్వం. ఆ ప్రభుత్వాన్ని నడిపేది పార్టీలు. అందుకే సమస్య వాళ్ల దగ్గరికి వెళ్లి తీరాలి. ఊరు చీలకుండా దాన్ని ఎలా తీసుకెళ్లాలో బెల్టు షాపు ఉదాహరణగా ఇక్కడ చెబుతున్నాం.

మొదట ఏం అడగాలో తేల్చుకోండి. "తాగుడు పాపం" అని ఏ నాయకుడి దగ్గరికి వెళ్లినా తల ఊపుతాడు. ఆ మాటలో అతను చేయాల్సిన పని ఏదీ లేదు కాబట్టి అంతటితో ఆగుతుంది. "లైసెన్సు లేకుండా మా ఊళ్లో మూడు చోట్ల మద్యం అమ్ముతున్నారు, ఆపించాలి" అంటే దానికి చట్టం ఉంది, ఎక్సైజ్ స్టేషన్ ఉంది, జవాబు చెప్పాల్సిన అధికారి ఉన్నాడు. ప్రతి కోరికకూ ఒక ప్రశ్న వేయండి: ఎవరి సంతకంతో ఇది మారుతుంది? సంతకం దొరికితే అది రాజకీయ విషయం. దొరకకపోతే ఇంట్లో, బడిలో, డ్వాక్రా సంఘంలో మాట్లాడుకోవాల్సిన విషయం. కట్నం ఆశించే మనసును ఏ పార్టీ మార్చలేదు. కట్నం వేధింపుల ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపే పోలీసు స్టేషన్ తీరును మాత్రం మార్చగలదు, మార్చమని అడగాలి కూడా.

తర్వాత లెక్క. అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఇక్కడే, ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే. మన ప్రాంతానికి ఇది కొత్త పద్ధతేమీ కాదు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఆనాటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా రాయించారు. 1,034 తేలాయి. వధువుల్లో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ఆడపిల్లను అమ్ముకోవడం తప్పు అంటే ఎదురు వాదించేవాళ్లు ఉంటారు. ఏడాది పిల్లలు ముగ్గురు అన్నాక ఏమని వాదిస్తారు?

300 గడపలున్న ఊరికి నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి. రెండు ఆదివారాల్లో అయిపోతుంది. పుస్తకంలో ఐదు గడులు గీయండి: అమ్మే చోటు, అమ్మే వేళ, సీసా మీద ముద్రించిన ధర, తీసుకుంటున్న ధర, బడికీ గుడికీ ఎన్ని అడుగుల దూరం. తాగేవాళ్ల పేర్లు రాయకండి. ఒక్క పేరు పుస్తకంలో కనబడిందంటే మరుసటి వీధిలో తలుపులు తీయరు. అమ్మేవాడి పేరు కూడా అక్కర్లేదు, చోటు చాలు. లేకపోతే పాత పగలన్నీ ఈ పుస్తకంలోకి దూరతాయి.

దీనితో పాటు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుం లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. "గత ఏడాది మా గ్రామ పరిధిలో అక్రమ మద్యం కేసులు ఎన్ని, ఏ తేదీల్లో" అని మాత్రమే అడగండి. "ఎందుకు పట్టించుకోవడం లేదు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపేస్తారు.

సభ ఎప్పుడు, ఎక్కడ అన్నది చిన్న విషయం కాదు. చెన్నై, హైదరాబాదు, విశాఖ పనులకు వెళ్లినవాళ్లు సంక్రాంతికి వస్తారు. కనుమ మర్నాడు పెడితే ఇంటింటి నుంచీ మనిషి ఉంటాడు. రామమందిరం అరుగు అలవాటైన చోటే, కానీ అక్కడ కూర్చోవడానికి వెనకాడే వీధి ఒక్కటున్నా బడి ఆవరణలో పెట్టండి. అందరూ రాని సభలో తీసుకున్న మాట అందరి మాట అవదు.

ఇక కాగితం. ఒకే పేజీ. లెక్క, కారణం, కోరిక, సంతకం పెట్టాల్సిన అధికారి, గడువు, ఖర్చు. చివరిది తప్పకుండా రాయండి. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో మేనిఫెస్టోలకు ఒక భాగం చేర్చింది. హామీ వెనక హేతువు, దానికి డబ్బు వచ్చే దారి స్థూలంగానైనా చెప్పాలని అందులో ఉంది. మీరే రాసిస్తే తప్పించుకోవడం కష్టం. డబ్బు దారి లేని నీతి ఎంతకాలం నిలుస్తుందో మనం చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలించారు. ఒకవైపు ఖజానాకు పడిన గండి, ఇంకోవైపు పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు. ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వాళ్లు ఈ రెండోది మరవకూడదు: చెక్‌పోస్టు మాట లేకుండా షాపు మాట ఒక్కటే రాస్తే కాగితం సగమే.

ఆ కాగితాన్ని అన్ని పార్టీలకూ ఒకే రోజు, అవే అక్షరాలతో, అదే బృందం ఇవ్వాలి. ఉదయం ఒకరికి, వారం తర్వాత ఇంకొకరికి ఇస్తే మొదటివాడి మనుషులన్న పేరు పడుతుంది, అది చెరగదు. ఎన్నికల షెడ్యూలు రావడానికి మూడు నాలుగు నెలల ముందే వెళ్లండి. తర్వాత వెళ్తే మేనిఫెస్టో అచ్చయిపోయి ఉంటుంది. కండువా వేస్తామంటే వద్దనండి, ఫొటో దిగితే అందరితోనూ దిగండి. నోటి మాట తీసుకోకండి. అవును, కాదు, ఇంత గడువులో అన్న మూడు గడుల కాగితం మీద సంతకం అడగండి. సంతకం పెట్టనివాళ్ల ఎదురుగా ఖాళీ గడి అలాగే ఉంచి రేషన్ దుకాణం దగ్గర అతికించండి. వ్యాఖ్య రాయొద్దు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి కాబట్టి అక్కడ సర్పంచి అభ్యర్థులు ఒక్కొక్కరికీ విడిగా ఇవ్వాలి.

ఎక్కువగా చెడేది ఊరి కట్టుబాటు దగ్గర. "ఫలానావాడికి ఓటు వేస్తే కులంలోంచి వెలి", "అమ్మవారి మీద ప్రమాణం, తప్పితే అరిష్టం" అని ఓటును బిగించడం మంచి ఉద్దేశంతో చేసినా తప్పే. అభ్యర్థి తరఫున అలా బెదిరిస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. అందులో వెలివేతనీ దైవాగ్రహ భయాన్నీ పేరుపెట్టి చెప్పారు. మతం, కులం, భాష పేరుతో ఓటు అడగడం కూడా అందులోదే. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా వర్తిస్తుందని 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో తేల్చింది. అభ్యర్థి ప్రస్తావన ఉన్న కరపత్రం వేస్తే ముద్రించినవారి, ప్రచురించినవారి పేరూ చిరునామా ఉండాలి. లేకపోతే ఆరు నెలల జైలు దాకా పోవచ్చు. పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు సభలు వద్దు. ఆ రెండు రోజుల్లో ఊళ్లో మద్యం పంచుతుంటే ఫొటో తీసి ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో పెట్టండి. 100 నిమిషాల్లో చర్య తీసుకునేలా ఆ ఏర్పాటు చేశారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు సంగతి చూడండి. దాని మీద ఒక పార్టీ కాదు, అన్ని పార్టీలూ మాట్లాడాల్సి వచ్చింది. హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకం, 2023 డిసెంబరులో పలాసలో మొదలైన 200 పడకల ఆసుపత్రి ఆ ఒత్తిడి ఫలితాలే. ప్రభుత్వం మారినా ఆ జబ్బు మాట ఎత్తకుండా ఉద్దానంలో ఎవరూ ఓటు అడగలేరు. బెల్టు షాపును ఆ స్థితికి తేవాలంటే ఎన్నికల తర్వాతే ఎక్కువ పని ఉంటుంది. మొదటి గ్రామసభలో తీర్మానం చేయించి నకలు తీసుకోండి. నెలకొకసారి అదే ఐదు గడుల లెక్క మళ్లీ తీయండి. గడువు దాటితే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో తీర్మానం, సంతకం కాగితం, కొత్త లెక్క మూడూ కలిపి ఇచ్చి రసీదు తీసుకోండి. గెలిచినవారికి పంపిన ప్రతి కాగితం నకలూ ఓడినవారికీ పంపండి. అసెంబ్లీలోనో జిల్లా పరిషత్ సమావేశంలోనో దాని మీద ప్రశ్న వేయగలిగింది వాళ్ల పార్టీయే.