సొంత కారులో ఆఫీసు పని మీద పోయే ముందు: ఇన్సూరెన్స్ జాగ్రత్తలు

హన్మకొండ ఆఫీసు నుంచి నర్సంపేటకో భూపాలపల్లికో మీ స్టాఫ్ సొంత కార్లలో పోతుంటే, ముందే ఇవి చూసుకోండి.

• పాలసీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ (కారును దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు) పేరా తప్పకుండా చదవండి. క్లెయిములు ఇక్కడ చిక్కుకోవచ్చు. ప్రైవేటు కారు పాలసీ కిరాయికీ సరుకు రవాణాకూ వర్తించదు. శాంపిళ్లు, సొంత లగేజీ వరకే. విత్తనాల కంపెనీ ఉద్యోగి నాలుగు శాంపిల్ ప్యాకెట్లు తీసుకెళ్తే ఇబ్బంది లేదు. డిక్కీ నిండా డీలరుకిచ్చే బస్తాలు వేస్తే మాత్రం క్లెయిము తిరస్కరించే అవకాశం ఇచ్చినట్టే. తోటివాళ్ల దగ్గర మనిషికింతని వసూలు చేసినా అంతే.

• థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే) ఒక్కటే ఉంటే కారు రిపేరుకు పైసా రాదు.

• ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా పక్క సీట్లోని సహోద్యోగికి వర్తించదు. అతనికి ప్యాసింజర్ కవర్ విడిగా తీసుకోవాలి.

• కంపెనీ యజమానులూ, ‘కారు వాళ్లది, మాకేం సంబంధం’ అనుకోవద్దు. మీ పని మీద పోతుండగా ఎవరికైనా దెబ్బ తగిలితే, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ కేసులో మిమ్మల్నీ చేర్చొచ్చు. లైసెన్సు, ఆర్సీ, పాలసీ కాపీలు తీసుకుని గడువు తేదీలు రాసిపెట్టుకోండి. ఓన్ డ్యామేజీ (సొంత కారు నష్టానికి ఇచ్చే) పాలసీ ముగిసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది.

• ప్రమాదం జరిగితే ముందు గాయపడ్డవాళ్లను ఆస్పత్రికి చేర్చాలి. తర్వాత ఫొటోలు, పోలీసులకు సమాచారం, బీమా కంపెనీకి ఫోన్. బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందే రిపేరు మొదలుపెట్టించొద్దు.