కంపాస్‌తో సెఫిరోత్ చెట్టు గీయడం

యూదుల మార్మిక సంప్రదాయమైన కబ్బాలాలో అనంతుడైన దేవుడు, అంటే ఎయిన్ సోఫ్, తనను వెల్లడించుకునే పది రూపాలు సెఫిరోత్. పది దేవుళ్లు కాదు. వాటిని గుండ్రాలుగా, వాటి మధ్య సంబంధాలను గీతలుగా చూపే పటమే ఈ చెట్టు. దాన్ని చూసి ఉజ్జాయింపుగా గీస్తే గుండ్రాలు వస్తాయి గానీ గీతలు కుదరవు.

ఏ4 కాగితం నిలువుగా పెట్టి, సరిగ్గా మధ్యలో నిలువు గీత గీయండి. పై అంచుకు 4.5 సెం.మీ. కింద మొదటి చుక్క, అక్కడి నుంచి 5 సెం.మీ.కు ఒకటి చొప్పున ఇంకో నాలుగు. పైనుంచి వరసగా కెతెర్ (కిరీటం), ఒక ఖాళీ చుక్క, తిఫెరెత్ (సౌందర్యం), యెసోద్ (పునాది), మల్ఖూత్ (రాజ్యం).

కంపాస్‌ను 5 సెం.మీ.కు తెరవండి. మల్ఖూత్‌ను వదిలేసి, పై నాలుగు చుక్కల మీదా ముల్లు పెట్టి రెండువైపులా చాపాలు గీయండి. పూర్తి వృత్తాలు అక్కర్లేదు. పక్కపక్క చుక్కల చాపాలు కలిసే ఆరు చోట్లా మిగతావి కూర్చుంటాయి. కుడివైపు పైనుంచి హొఖ్మా (జ్ఞానం), హెసెద్ (దయ), నెత్సహ్ (విజయం). ఎడమన బినా (అవగాహన), గెవురా (బలం), హోద్ (వైభవం). కుడి అంటే చూసేవాళ్ల కుడి. హెసెద్‌ను కుడిచెయ్యి, గెవురాను ఎడమచెయ్యి అంటారు కదా అని ఎదురుగా నిలబడ్డ మనిషిని ఊహించుకుంటే చెట్టు తిరగబడుతుంది. మనకు వీపు పెట్టి నిలబడ్డాడనుకోండి.

హొఖ్మాకూ బినాకూ మధ్య 8.7 సెం.మీ.కు ఒక వెంట్రుకవాసి తక్కువ రావాలి. రాకపోతే కంపాస్ మర వదులైనట్టే.

ఇక గీతలు, హీబ్రూ అక్షరాల్లాగే 22. అడ్డం 3: హొఖ్మా–బినా, హెసెద్–గెవురా, నెత్సహ్–హోద్. నిలువు 7: మధ్యలో మూడు (కెతెర్–తిఫెరెత్, తిఫెరెత్–యెసోద్, యెసోద్–మల్ఖూత్), పక్కన రెండేసి. ఏటవాలు 12: తిఫెరెత్ నుంచి పక్కనున్న ఆరింటికీ ఆరు, కెతెర్ నుంచి హొఖ్మా, బినాలకు రెండు, యెసోద్ నుంచి నెత్సహ్, హోద్‌లకు రెండు, చివరగా హొఖ్మా–గెవురా, బినా–హెసెద్. ఈ చివరి రెండూ ఖాళీ చుక్క మీదే ఖండించుకోవాలి. అక్షరాలను 3, 7, 12గా విడదీసింది సెఫెర్ యెత్సిరా అనే పాత హీబ్రూ గ్రంథం.

ఆ ఖాళీ చుక్క దాఅత్ (ఎరుక) స్థానం. గుండ్రం చుట్టేశారా, పదకొండవుతాయి. దాఅత్‌ను లెక్కపెట్టేవాళ్లు కెతెర్‌ను లెక్కలోంచి తీసేస్తారు.

టారో (జోస్యం చెప్పే కార్డులు) పుస్తకాల్లోని చెట్టు పటాల నుంచి నకలు చేస్తే ఒక చిక్కుంది. వాటిలోనూ 22 గీతలే, కాబట్టి తేడా కనబడదు. మల్ఖూత్‌కు ఎన్ని చేరాయో చూడండి. ఒకటైతే సఫేద్ పట్టణంలోని కబ్బాలా గురువు ఇసాక్ లూరియా (1534–1572) పద్ధతి. మూడైతే 1650ల్లో రోమ్‌లో జెసూట్ (కేథలిక్ సన్యాసి సంఘం) పండితుడు కిర్షర్ అచ్చువేసిన పటం దారి. అందులో హొఖ్మా–గెవురా, బినా–హెసెద్ ఉండవు.

పేర్లు రాసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చెసెద్, చొక్మా అనకండి. అక్కడ చ లేదు, గొంతులోంచి వచ్చే హ ఉంది.