ఫోన్ లైన్ల మ్యాప్ ముందు కూర్చునే ముందు జాగ్రత్తలు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నైట్ షిఫ్ట్‌కు కొత్తగా చేరిన మన కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. మ్యాప్ అంటే ఆఫీసు ఫోన్ పరికరాలు, లైన్లు పనిచేస్తున్నాయో లేదో రంగుల్లో చూపే మానిటరింగ్ తెర.

• మ్యాప్‌లో పచ్చరంగు చూసి నిశ్చింతగా కూర్చోవద్దు. చాలాసార్లు దాని అర్థం పింగ్‌కు (‘ఉన్నావా?’ అని పరికరానికి పంపే చిన్న పలకరింపుకు) జవాబు వస్తోందని మాత్రమే. పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్) పెట్టె బతికే ఉంటుంది, పీఆర్ఐ లైన్ (ఫోన్ కంపెనీ నుంచి వచ్చే డిజిటల్ లైన్) పడిపోయి ఉంటుంది. ఒక ఈ1 రకం పీఆర్ఐలో కాల్స్ కోసం 30 చానళ్లు, అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే ట్రంక్ (బయటి కాల్స్ మోసే లైన్) స్థితికి, సిప్ (ఇంటర్నెట్ ద్వారా నడిచే ఫోన్ల పద్ధతి) రిజిస్ట్రేషన్‌కు వేర్వేరు గుర్తులు పెట్టుకోండి. నాకైతే ఒక రాత్రి తిట్లు తిన్నాకే ఇది తెలిసొచ్చింది.

• ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల స్థితి తెలుసుకునే పద్ధతి) వాడే యూడీపీ 161, 162 పోర్టులు తెరిచి ఉన్నాయా? మొదటిది మనం అడగడానికి, రెండోది పరికరం తనంతట తాను పంపే హెచ్చరికలకు, అంటే ట్రాప్‌లకు. 162 మూసుకుపోతే ఆ కబురే రాదు, అంతా బాగుందనుకుంటాం.

• ‘పబ్లిక్’ అన్న కమ్యూనిటీ పేరు (ఎస్‌ఎన్‌ఎంపీలో పాస్‌వర్డ్‌లా పనిచేసే పదం) అలాగే ఉందా? వెంటనే మార్చండి. వీలైతే ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 3 వాడండి.

• ఐదు సెకన్లకోసారి పోలింగ్ (పరికరాన్ని స్థితి అడగడం) పెట్టి పాత పీబీఎక్స్ ప్రాణం తీయకండి.

• ఫోన్లకు కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్, యూపీఎస్ కూడా మ్యాప్‌లో ఉండాలి. స్విచ్ ఆగితే దాని వెనకున్న ఫోన్లన్నీ ఎర్రబడతాయి. డిపెండెన్సీ (ఈ ఫోన్లు ఆ స్విచ్ మీద ఆధారపడ్డాయని మ్యాప్‌కు చెప్పడం) పెట్టకపోతే అలర్ట్‌ల వానే, టెన్షన్ మీకే.

• చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న లాగిన్‌తో వెళ్లండి. నిద్రమత్తులో రీస్టార్ట్ నొక్కినవాళ్లను చూశాను.