కీమో మందు వయల్ బయట కూడా ఉంటుంది

క్యాన్సర్‌కి ఇచ్చే కీమో మందుల్లో డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది. ట్రే మీద చుక్క పడితే సిస్టర్ కంట పడుతుంది, తుడిచేస్తారు. సైక్లోఫాస్ఫమైడ్, జెమ్‌సైటబిన్ అలా కాదు, నీళ్లలా ఉంటాయి. ఆరిపోయాక మరక కూడా కనబడదు. కానీ మందు అక్కడే ఉండి, గ్లౌజు నుంచి పెన్నుకీ, తలుపు పిడికీ, సెల్‌ఫోన్‌కీ చేరుతుంది. హైదరాబాద్‌లో కీమో రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. లాంటి పెద్ద ఆసుపత్రుల్లోనే కాదు, చిన్న డే కేర్ వార్డుల్లోనూ ఎక్కిస్తున్నారు. ఇది అలాంటి చోట్ల పనిచేసే సిస్టర్లకీ, ఫార్మసిస్టులకీ, ఆయాలకీ.

కొత్త వయల్ బయటి గాజుకే మందు అంటుకుని ఉండొచ్చు. అందుకని అట్టపెట్టె విప్పేటప్పుడే గ్లౌజులు వేసుకోవాలి. పెట్టె మీద ‘ఎ.ఎస్.టి.ఎం. డి6978’ (కీమో మందులతో పరీక్షించిన గ్లౌజుల ప్రమాణం) అని ఉన్న, పౌడర్ లేని గ్లౌజులు రెండు జతలు కావాలి. లోపలి జత గౌను కఫ్ కిందికి, పై జత కఫ్ మీదికి. 30 నిమిషాలకోసారి మార్చాలి, చిరిగినా మందు పడినా అప్పటికప్పుడే. చూడ్డానికి బాగున్న గ్లౌజులోంచి కూడా మందు మెల్లగా దిగుతుంది, ఇక్కడ పొదుపు వద్దు.

గాలి మనిషి ముఖం మీదికి వచ్చే హారిజాంటల్ లామినార్ ఫ్లో క్యాబినెట్‌లో కీమో ఎప్పుడూ కలపకూడదు. అది మందుని కాపాడుతుంది, కలిపేవాళ్లని కాదు. కలిపేవాళ్లనీ కాపాడే క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి, గాలినంతా ఫిల్టర్ చేసి బయటికి పంపే బి2 రకమైతే మరీ మంచిది. ముందున్న గ్రిల్ మీద ప్యాడ్ గానీ ఫైలు గానీ పెట్టారంటే గాలి దారి తప్పుతుంది.

ఎక్కువ పొరపాట్లకు చోటు సిరంజి దగ్గరే. 10 ఎం.ఎల్. తీయాలని 10 ఎం.ఎల్. గాలీ ఒకేసారి వయల్లోకి తోస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, సూది లాగగానే సన్నటి తుంపర లేస్తుంది. గాలి మందు కన్నా తక్కువే ఉండాలి. కొంచెం గాలి పంపి కొంచెం మందు లాగాలి, మళ్లీ కొంచెం. సిరంజి లూయర్ లాక్‌దే (సూదిని తిప్పి బిగించేది) వాడాలి, ముప్పావుకి మించి నింపకూడదు, లేకపోతే పిస్టన్ ఊడి వచ్చేస్తుంది. ఐవీ సెట్‌ను మందు కలపకముందే సెలైన్‌తో ప్రైమ్ చేయాలి, అంటే ట్యూబు నింపి గాలి తీసేయాలి. మందు కలిపాక బెడ్ పక్కన గాలి బుడగలు పోయేదాకా వదిలితే, ఆ వదిలిందంతా మందే. డ్రిప్ అయ్యాక సెట్‌ని బ్యాగ్ నుంచి ఊడదీయకుండా కలిపే పారేయాలి.

క్యాబినెట్‌ని స్పిరిట్‌తో తుడిస్తే క్రిములు చస్తాయి గానీ మందు చావదు, పైగా పక్కకి పూసుకుంటుంది. ముందు 2 శాతం హైపోక్లోరైట్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. అది స్టీలుని తినేస్తుంది కాబట్టి వెంటనే థయోసల్ఫేట్‌తో విరిచి, తర్వాత డిటర్జెంట్ నీళ్లు, చివర్లో 70 శాతం ఆల్కహాల్. స్ప్రే కొట్టకండి, గుడ్డనే తడపండి.

అలవాట్లు పరీక్షించుకోవడానికి చవకైన దారి ఒకటుంది. ఖాళీ వయల్లో టానిక్ వాటర్ పోసి, మామూలుగానే కలిపి, లైట్లు ఆపి యూవీ టార్చ్ వేయండి. అందులోని క్వినైన్ నీలంగా మెరుస్తుంది. చుక్క ఎక్కడ పడిందో, చెయ్యి దాన్ని ఎక్కడెక్కడికి మోసిందో కళ్లారా కనిపిస్తుంది. ఆ సామాన్లు రోగులకి వాడేవాటితో మాత్రం కలవకూడదు.

మందు ఒలికితే ముందు ఫ్యాన్ ఆపండి. బయటి అంచు నుంచి లోపలికి అద్దుతూ తీసి, గాజు ముక్కలు స్కూప్‌తో ఎత్తి, డిటర్జెంట్‌తో మూడుసార్లు కడగాలి. చర్మం మీద పడితే సబ్బూ నీళ్లే, హ్యాండ్ రబ్ కాదు. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరుకి చూపించాలి.

చెత్త ‘సైటోటాక్సిక్’ (కణాలకు విషం) అని రాసిన పసుపు సంచిలో పడాలి. 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం దాన్ని 1200 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చాలి.

గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకీ, మగవాళ్లయినా సరే, అడిగిన వెంటనే ఈ పని తప్పించి వేరే డ్యూటీ వేయాలి.

రోగి మూత్రంలోనూ వాంతిలోనూ సుమారు 48 గంటలు మందు వస్తుంది. బెడ్‌పాన్ ఎత్తే ఆయాకి మామూలు గ్లౌజులు ఇచ్చి సరిపెట్టకండి, సిస్టర్ వేసుకునేవే ఇవ్వండి. సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయే రోగికి, వెంట వచ్చినవాళ్లకి కూడా చెప్పి పంపాలి: ఆ రెండు రోజులు టాయిలెట్ మూత మూసి రెండుసార్లు నీళ్లు వదలాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి, గ్లౌజులు వేసుకునే ముట్టుకోవాలి.