వెల్డింగ్ షాపులో చెయ్యి కాలితే, కళ్ళు మండితే ఏం చెయ్యాలి

వెల్డింగ్ రాడ్డు మార్చేటప్పుడు ఎర్రటి ముక్క చెప్పులోకి జారుతుంది. ఇందాక టాకా (చిన్న అతుకు) వేసిన యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుప బద్ద) నల్లగా కనబడేసరికి చల్లారిందనుకుని ఒట్టి చేత్తో పట్టేసుకుంటారు. గేట్లు, గ్రిల్స్, ట్రాలీలు చేసే షాపుల్లో ఇవి మామూలే. కాలిన మరుక్షణం చెయ్యి గ్రీజు డబ్బా మీదికో టూత్‌పేస్టు మీదికో పోతుంది. పోవాల్సింది మాత్రం కుళాయి కిందికి.

కారణం ఉంది. ఇనుమును వదిలేసినా అది ఇచ్చిన వేడి చర్మంలోనే ఉండి, పై పొర నుంచి కింది పొరకు దిగుతూ కాలుస్తూనే ఉంటుంది. పారే నీళ్ళు ఆ వేడిని లాగేస్తాయి. గ్రీజు, నెయ్యి, పేస్టు దాన్ని లోపలే మూసిపెడతాయి. పసుపు, కాఫీపొడి, సిరా పూస్తే ఇంకో నష్టం కూడా: గాయం ఎంత లోతుందో డాక్టరుకు కనబడదు, వాటిని కడిగి తీసేటప్పుడు మళ్ళీ నొప్పి.

నీళ్ళు ధారగా 20 నిమిషాలు పడాలి, గడియారం చూసుకుని. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టుంటుంది, చాలామంది అక్కడే చెయ్యి తీసేస్తారు. కాసేపటికి మంట మళ్ళీ లేస్తుంది, ఎందుకంటే లోపలి వేడి ఇంకా పోలేదు. ఎవరైనా ఇప్పటికే పేస్టు పూసేసి ఉంటే మెల్లగా కడిగేసి నీళ్ళ కింద పెట్టించండి. కాలిన 3 గంటల లోపు ఎప్పుడు మొదలుపెట్టినా ఉపయోగమే.

మే నెల మధ్యాహ్నం రేకుల మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. అవి పనికిరావు. చల్లటివి వచ్చేదాకా కుళాయి తిప్పి వదిలెయ్యండి, లేదా బోరు నీళ్ళు, కుండ నీళ్ళు వాడండి. కరెంటు పోయి మోటారు ఆడకపోతే 20 లీటర్ల తాగునీటి టిన్ను సరిపోతుంది: నిమిషానికి లీటరు చొప్పున మగ్గుతో సన్నగా పోస్తూ ఉండాలి. ఐసు ముక్క మాత్రం పెట్టొద్దు. ఐసుకు రక్తనాళాలు ముడుచుకుపోయి, అసలే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందక గాయం ఇంకా లోతవుతుంది.

నీళ్ళు పడుతుండగానే ఉంగరం, కడెం, వాచీ, చేతి తాడు తీసెయ్యండి. అరగంటకు వేలు వాస్తే ఉంగరం కోయించుకోవాల్సి వస్తుంది. బూటులో రవ్వ పడితే బూటు, సాక్సు రెండూ విప్పాలి. పాలిస్టర్ ప్యాంటు కరిగి చర్మానికి అంటుకుపోతే లాగొద్దు, చుట్టూ ఉన్న గుడ్డ కత్తిరించి అంటుకున్న దాని మీదే నీళ్ళు పొయ్యండి.

ఆ తర్వాత గాయాన్ని కప్పాలి. వంటింట్లో గిన్నెల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర దీనికి బాగా పనికొస్తుంది. రోల్లో మొదటి చుట్టు చించి పారేసి, తర్వాతి ముక్కను గాయం మీద పొడవుగా పరచండి. చేతి చుట్టూ బిగించి తిప్పితే వాపు వచ్చినప్పుడు నొక్కేస్తుంది. అది లేకపోతే ఉతికిన నూలు గుడ్డ కప్పండి. దూది నేరుగా పెడితే పోగులు గాయానికి పట్టేస్తాయి. బొబ్బ లేస్తే సూదితో పొడవొద్దు, ఆ పల్చటి తోలే కింద ఉన్న పచ్చి చర్మానికి కట్టు. దానంతటదే పగిలితే సబ్బు నీళ్ళతో కడిగి, వాజిలిన్ పూసిన గాజుగుడ్డ వేసి కట్టి, రోజుకోసారి మార్చండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవాలి.

ఆసుపత్రికి వెళ్ళాల్సినవి వేరే ఉన్నాయి. కాలినంత మేర వేళ్ళతో సహా ఆ మనిషి అరచేయంత ఉంటే, ముఖమో, కీళ్ళో, మర్మాంగాలో కాలితే, వేలు చుట్టూ పూర్తిగా కాలితే ఇంట్లో కట్టు కట్టుకుని కూర్చోవద్దు. చర్మం తెల్లగా తోలులా అయిపోయి నొప్పే లేకపోతే సంతోషపడకండి, నొప్పి తెలిపే నరాలు కూడా కాలిపోయాయని దాని అర్థం. కరెంటుతో కాలితే బయట బియ్యపుగింజంత మచ్చ ఉన్నా లోపల కండరం, గుండె దెబ్బతిని ఉండొచ్చు. ముందు మెయిన్ ఆపండి, తర్వాతే మనిషిని ముట్టుకోండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఇక కళ్ళు. పగలంతా బాగానే ఉంటుంది. రాత్రి ఏ ఒంటిగంటకో రెండు కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు, లైటు వేస్తే చూడలేకపోవడం. ఆర్క్ (రాడ్డు కొసన లేచే మెరుపు) నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పై పొరను కాలుస్తాయి. ఎండకు ఒళ్ళు కమిలినట్టే ఇది కూడా వెంటనే తెలియదు, 6 నుంచి 12 గంటల తర్వాత బయటపడుతుంది. అందుకే ఆర్క్ ఎక్కడ కొట్టిందో కూడా చాలామందికి గుర్తుండదు.

ఎక్కువగా దెబ్బతినేది హెల్పరు. మేస్త్రీ షీల్డు (ముఖానికి అడ్డుపెట్టే నల్లగ్లాసు తొడుగు) వెనక ఉంటాడు, పక్కన యాంగ్లర్ కదలకుండా పట్టుకునే కుర్రాడు తల పక్కకు తిప్పుకుంటాడు అంతే. సున్నం కొట్టిన గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు కూడా కాలుస్తుంది. ఒక్క టాకాయే కదా అని గ్లాసు లేకుండా కొట్టే మేస్త్రీలదీ ఇదే కథ, రోజుకు ఇరవై టాకాలంటే చిన్న లెక్క కాదు. హెల్పరుకు కూడా షీల్డు ఇవ్వడం మేస్త్రీ బాధ్యత.

కళ్ళు మండుతుంటే చీకటి గదిలో పడుకుని, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ మూసిన రెప్పల మీద వేసుకోండి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసెయ్యండి. మందుల షాపులో దొరికే కృత్రిమ కన్నీటి చుక్కలు, పారాసిటమాల్ ఉపశమనం ఇస్తాయి. తెల్లారాక కంటి డాక్టరుకు చూపించుకోవడం మంచిది. చనుబాలు పిండించుకోవడం, ఆలుగడ్డ ముక్కలు పెట్టుకోవడం ఇప్పటికీ ఉంది. పచ్చిగా ఉన్న కార్నియా మీదికి సూక్ష్మక్రిములు చేరతాయి, వద్దు. ఆలుగడ్డ ఇచ్చే చల్లదనం తడిగుడ్డ కూడా ఇస్తుంది. మొద్దుబార్చే చుక్కలు ఇంటికి తెచ్చుకుని వేసుకోవడం ఇంకా ప్రమాదం: నొప్పి పోతుంది, గాయం మానదు.

మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోయినా, ఒక్క కంట్లోనే నొప్పి ఉన్నా అది ఆర్క్ దెబ్బ కాకపోవచ్చు. స్లాగ్ (అతుకు మీద గడ్డకట్టే పొర) పెంకో గ్రైండర్ రవ్వో దిగి ఉంటుంది. నలపొద్దు. శుభ్రమైన నీళ్ళతో కడిగితే పోయేది పోతుంది. పోనిదాన్ని అయస్కాంతంతోనో, అగ్గిపుల్లతోనో, పక్కవాడి పంచె కొసతోనో తీయించుకోవద్దు. వేడి ఇనుపరవ్వ కార్నియాకు అతుక్కుని, దాని చుట్టూ తుప్పు వలయం కడుతుంది. దాన్ని డాక్టరే తియ్యాలి. స్లాగ్ కొట్టేటప్పుడు షీల్డు పైకెత్తేస్తారు కాబట్టి దాని లోపల తెల్ల (రంగులేని) అద్దాల కళ్ళజోడు ఉండాల్సిందే.

2.5 మిల్లీమీటర్ల రాడ్డు సుమారు 60–90 ఆంపియర్ల మీద, 3.15 రాడ్డు 90–130 మీద నడుస్తుంది. వీటికి 10 లేదా 11 నంబరు నల్లగ్లాసు ఉండాలి. ఎండ కళ్ళజోడు దీనికి పనికిరాదు. చొక్కా, ప్యాంటు నూలువే వేసుకోండి. ప్యాంటు అంచు మడిస్తే ఆ మడతే రవ్వలకు గూడు. జేబులో లైటర్ ఉంచుకోవద్దు. రాడ్డు ముక్కలు నేల మీద పడెయ్యకుండా సగం ఇసుక పోసిన డబ్బాలో వెయ్యండి. చల్లారని ఇనుము మీద సుద్దతో ‘వేడి’ అని రాయండి. ముట్టుకునే ముందు అరచేతి వెనక వైపు రెండంగుళాల దూరంలో పెట్టి చూడండి, సెగ తెలుస్తుంది.

జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) అతికిస్తే వచ్చే తెల్లపొగ జింకుది. సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో లోహపు రుచి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పాలు తాగితే పొగ పట్టదన్నది నమ్మకమే, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి, పాలు పోయేది కడుపులోకి. అతుకు దగ్గర రెండు వైపులా జింకు పూతను గ్రైండర్‌తో తీసేసి, ఆ దుమ్ము కూడా పీల్చకుండా మాస్కు పెట్టుకుని, గాలి వీపు వైపు నుంచి కాకుండా పక్కనుంచి వచ్చేలా కూర్చోండి. ఊపిరి ఆడకపోతే, ఛాతీ పట్టేస్తే జ్వరమే కదా అని ఆగొద్దు.

ప్లాస్టిక్ పొర రోలు, వాజిలిన్ గాజుగుడ్డ, కట్టు గుడ్డ, కత్తెర, పారాసిటమాల్, కన్నీటి చుక్కలు ఒక మూత డబ్బాలో వేసి కుళాయి పక్కనే తగిలించండి. చుక్కల సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయండి, చాలా సీసాలు తెరిచిన నెలకు పారెయ్యాలి.