కోతల కాలంలో వచ్చే జ్వరం: స్క్రబ్ టైఫస్ జాగ్రత్తలు

వానలు పడి గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మన పల్లెల్లో జ్వరాల కాలమే. జ్వరం అనగానే అందరి నోటా వచ్చే పేర్లు మూడే: డెంగీ, మలేరియా, టైఫాయిడ్. వాటికి తగ్గట్టే దోమతెరలు కడతాం, తొట్లలో నీళ్లు పారబోస్తాం, కాచిన నీళ్లు తాగుతాం. ఇవన్నీ మంచివే. కానీ స్క్రబ్ టైఫస్ దోమతో రాదు, నీళ్లతోనూ రాదు. కాబట్టి ఈ జాగ్రత్తలేవీ దాన్ని ఆపలేవు.

2025 చివర్లో చిత్తూరు నుంచి విజయనగరం దాకా కేసులు, మరణాలు పత్రికల్లో రావడంతో ఆ పేరు చాలామందికి మొదటిసారి తెలిసింది. టెన్షన్ కూడా అంతే పెరిగింది. కొత్త వైరస్ వచ్చిందని కొందరు ప్రచారం చేశారు. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా. కొత్తదీ కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పోరాడిన సైనికుల్ని పీడించిన జబ్బే ఇది. దీనికి మందు ఉంది, చవకైన మందు. సకాలంలో పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. వారం పది రోజులు ఇంకేదో జబ్బుకు వైద్యం చేయించుకుంటూ గడిపేస్తేనే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో సగం పొలంలో జాగ్రత్తలైతే, మిగతా సగం జ్వరం వచ్చాక రోజులు పోగొట్టుకోకుండా ఉండటం గురించి.

పురుగు ఎక్కడుంటుంది, ఎలా ఎక్కుతుంది

దీన్ని మోసేది చిగ్గర్ అనే పురుగు. అది పెద్దదయ్యాక మనుషుల జోలికి రాదు, పిల్ల దశలో మాత్రమే కుడుతుంది. సైజు మిల్లీమీటరులో అయిదో వంతు, కంటికి ఆనదు. ఎగరలేదు. నేలకు దగ్గరగా గడ్డిపోచల మీద కాచుకుని ఉండి, ఎలుకో మనిషో తగిలితే ఎక్కేస్తుంది. ఎక్కగానే కుట్టదు. ఒంటి మీద పైకి పాకుతూ, బట్ట బిగుతుగా ఉన్న చోటో చర్మం మెత్తగా ఉన్న మడతో దొరికాక అక్కడ ఆగుతుంది. మొలతాడు, లంగా బొందు, లోదుస్తుల ఎలాస్టిక్, చంక, గజ్జ, మోకాలి వెనక, ఇవే దానికి ఇష్టమైన చోట్లు. కుట్టినప్పుడు నొప్పి ఉండదు, చాలామందికి దురద కూడా ఉండదు. అందుకే "నన్నేం కుట్టలేదండీ" అన్న మాటను బట్టి ఈ జబ్బు కాదని అనుకోవడానికి లేదు.

బ్యాక్టీరియా పేరు ఓరియెన్షియా సుసుగముషి. తల్లి పురుగు నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు వస్తుంది. కాబట్టి ఒకసారి ఒక చోట పాతుకుపోతే ఏటేటా అక్కడే ఉంటుంది. ఒక గట్టు మీద దండిగా ఉండి, నాలుగు అడుగుల అవతల అసలు లేకపోవచ్చు కూడా. కిందటేడు మీ ఊళ్లో ఎవరికైనా ఈ జ్వరం తేలి ఉంటే, వాళ్లు ఎక్కడ పనిచేశారో కనుక్కుని ఆ చోట ఈ ఏడు మరింత జాగ్రత్తగా ఉండండి.

పొలంలో, పొలం నుంచి వచ్చాక

వరి కోత, కలుపు, పశువులకు పచ్చగడ్డి కోయడం, కట్టెలు ఏరడం, ఉపాధి హామీ పనిలో పొదలు కొట్టడం, చెంబు పట్టుకుని చేల వైపు వెళ్లడం, వీటన్నిట్లోనూ పురుగు ఎక్కే అవకాశం ఉంది. పట్నంలోనూ ఖాళీ ప్లాట్లలో ముళ్లపొదలు, ఎలుకలు ఉంటే అవకాశం ఉన్నట్టే. బంతి కోసం పిల్లలు దూరేది అందులోకే.

చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కునే అలవాటు మన కూలీ మహిళలకు ఎటూ ఉంది. ఎండకు వేసుకునే ఆ చొక్కా దీనికీ పనికొస్తుంది. చీర కింద ప్యాంటో లెగ్గింగో కూడా ఉంటే మంచిది. మగవాళ్లు లుంగీ ఎగగట్టి గడ్డిలో దిగకుండా ప్యాంటు వేసుకుని, దాని అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోవాలి. డీట్ (పురుగుల్ని దగ్గరికి రానివ్వని మందు) ఉన్న దోమల క్రీమ్ దొరికితే చీలమండలకు, నడుము చుట్టూ రాసుకోండి, ట్యూబు మీద రాసిన పద్ధతిలోనే.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, కాసేపు నడుం వాల్చేటప్పుడు నేరుగా గడ్డి మీద కూర్చోకండి. గోనెపట్టా పరుచుకోండి. తీసిన తువ్వాలు, చొక్కా గడ్డిలోనో పొదల మీదో పడేయకండి. పసిపిల్లలకు చెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టండి గానీ గట్టు మీద గుడ్డ పరిచి పడుకోబెట్టకండి. గడ్డిమోపు భుజాన వేసుకుంటే మెడ, చంక నేరుగా గడ్డికి తగులుతాయి, అందుకే మెడకు తువ్వాలు చుట్టుకుని ఎత్తుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంటికి వచ్చాక చేసే పని. పురుగు చోటు వెతుక్కుని పట్టుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది కాబట్టి ఆ సాయంత్రమే సబ్బుతో ఒళ్లంతా రుద్దుకుని స్నానం చేస్తే చాలావరకు పోతుంది. మంచం మీద కూర్చోకముందు, పిల్లల్ని ఎత్తుకోకముందు స్నానం చేయండి. విప్పిన బట్టలు వేడినీళ్లలో నానబెట్టండి. రెండు జతలే ఉన్నవాళ్లకు రోజూ ఉతకడం కష్టమని తెలుసు. అలాంటప్పుడు పని బట్టల్ని పక్కబట్టల్లో కలపకుండా విడిగా పెట్టి, మంచి ఎండలో దండెం మీద ఆరేయండి. ఇంటి చుట్టూ పొదలు కొట్టించండి, ఎలుకలు చేరకుండా కట్టెల మోపును గోడకు దూరంగా పేర్చండి.

జ్వరం వస్తే ముందు ఒళ్లంతా వెతకండి

పురుగు కుట్టిన 6 నుంచి 21 రోజుల మధ్య జ్వరం మొదలవుతుంది. అంటే ఇవాళ జ్వరం వస్తే రెండు మూడు వారాల కిందట ఎక్కడ పనిచేశారో గుర్తు చేసుకోవాలి. తీవ్రమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడటం, కొందరికి దద్దుర్లు, పొడి దగ్గు ఉంటాయి. వీటిని బట్టి డెంగీ నుంచి వేరు చేయడం డాక్టరుకైనా కష్టమే. ప్లేట్‌లెట్లు ఇందులోనూ తగ్గుతాయి. తగ్గాయి కదా అని డెంగీయే అని తేల్చేసుకుంటే పొరపాటు.

అసలైన ఆనవాలు పురుగు కుట్టిన చోట పడే నల్లటి పెచ్చు. సిగరెట్‌తో కాల్చినట్టు గుండ్రంగా, చుట్టూ ఎర్రటి అంచుతో ఉంటుంది. నొప్పి ఉండదు, కాబట్టి రోగికే తెలియదు. అది సాధారణంగా బట్టల కింద, ఎవరూ చూపించని చోట ఉంటుంది: రొమ్ము కింద, గజ్జల్లో, వృషణాల మీద, పిరుదుల మధ్య, బొడ్డులో, చెవి వెనక, తలలో జుట్టు కింద. చెమట పట్టే మడతల్లో నల్లటి పెచ్చు కట్టకుండా పచ్చి పుండులా కనిపించవచ్చు. చామనఛాయ ఒంటి మీద మంచి వెలుతురు లేకపోతే కనపడదు.

హడావిడి ఓపీలో ఆడ రోగి ఒంటిని ఎవరూ ఇంత వివరంగా చూడరు. సిగ్గు ఇటూ ఉంటుంది, అటూ ఉంటుంది. అందుకే ఈ పని ఇంట్లోనే చేయండి. భర్తో, అక్కో, కూతురో తలుపు వేసి, ఫోన్ టార్చ్ వేసి తల నుంచి పాదాల దాకా చూడాలి. పిల్లలకైతే అమ్మ చూడాలి. పెచ్చు కనబడితే పీకకండి, పసుపో పేస్టో రాయకండి. ఆసుపత్రిలో బ్యాక్టీరియాను నేరుగా గుర్తించే పీసీఆర్ పరీక్షకు అదే మంచి నమూనా. ఫోటో తీసుకుని డాక్టరుకు చూపించినా చాలు. పెచ్చు లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకండి, అందరికీ అది కనిపించదు.

డాక్టరుకు ఏం చెప్పాలి

మలేరియా రిపోర్టు, టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష, సెలైన్, ఇంజెక్షన్: మన దగ్గర జ్వరం వైద్యం సాధారణంగా ఇలాగే సాగుతుంది. విడాల్ నమ్మదగిన పరీక్ష కాదు. ఎప్పుడో వచ్చిన ఇన్ఫెక్షన్‌కీ, వేరే జ్వరాలకీ పాజిటివ్ చూపిస్తుంది. దాన్ని చూసి టైఫాయిడ్ అనుకుని సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్స్ మొదలుపెడితే, స్క్రబ్ టైఫస్ మీద అవి పనిచేయవు. జ్వరం తగ్గదు, రోజులు పోతాయి.

ఈ రెండు జ్వరాల్లో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం ఇవాళ్టిది కాదు. 1948లో అమెరికన్ డాక్టర్ జోసెఫ్ స్మాడెల్ బృందం కొత్తగా వచ్చిన క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ను స్క్రబ్ టైఫస్ రోగుల మీద పరీక్షించడానికి కౌలాలంపూర్ వెళ్లింది. మందు బ్రహ్మాండంగా పనిచేసింది. స్క్రబ్ టైఫస్ అనుకుని చేర్చుకున్నవాళ్లలో ఇద్దరికి ఉన్నది టైఫాయిడ్ అని తర్వాత తేలింది. వాళ్లూ కోలుకున్నారు. టైఫాయిడ్‌కు మందు అలా దొరికింది. అంత అనుభవమున్న బృందానికే తేడా తెలియలేదంటే మన ఊళ్లో పొరబడటంలో వింతేముంది?

కాబట్టి మీరే చెప్పండి. "మూడు వారాల్లోపు గడ్డి కోశానండీ, ఇక్కడ నల్ల మచ్చ ఉంది, స్క్రబ్ టైఫస్ కావచ్చా?" అని అడగండి. ఇందులో మర్యాద తక్కువేమీ లేదు. ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష రాస్తారు. అది మొదటి అయిదారు రోజుల్లో నెగెటివ్ రావచ్చు. లక్షణాలు, పని వివరాలు సరిపోతే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడమే సరైన పద్ధతి. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏటా వానాకాలంలో పిల్లల ప్రాణాలు తీస్తూ వచ్చిన మెదడువాపు కేసుల్లో చాలావాటి వెనుక స్క్రబ్ టైఫస్ ఉందని పరిశోధనల్లో తేలాక, అక్కడ జ్వరం మొదట్లోనే పీహెచ్‌సీలో ఈ మందు ఇవ్వాలని సూచించింది కూడా అందుకే.

మందు వాడేటప్పుడు

పెద్దవాళ్లకు సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కనీసం 7 రోజులు ఇస్తారు. గర్భిణులకు అజిత్రోమైసిన్. పిల్లలకు ఏది ఎంత అన్నది బరువును బట్టి డాక్టరే చెప్పాలి. గర్భిణికి జ్వరం వస్తే అసలు ఆలస్యం చేయకండి, ఈ జబ్బులో గర్భస్రావమయ్యే ప్రమాదం ఉంది.

డాక్సీసైక్లిన్‌ను గ్లాసు నిండా నీళ్లతో, కూర్చుని మింగాలి. వేసుకున్నాక అరగంటైనా పడుకోకూడదు, లేకపోతే గొంతు గొట్టంలో పుండు పడుతుంది. పాలతో, ఐరన్ బిళ్లలతో, గ్యాస్ సిరప్‌తో కలిపి వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు. రెండో రోజే జ్వరం దిగిందని మానేయకండి. మిగిలిన బిళ్లలు పక్కింటివాళ్లకు ఇవ్వకండి. రెండు రోజులైనా జ్వరం దిగకపోతే ఇంకేదో జబ్బు ఉందేమో చూడాలి, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రతి జలుబుకూ మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ మూడు బిళ్లలు అడిగి తెచ్చుకునే అలవాటు మాత్రం దయచేసి మానుకోండి. టైఫాయిడ్‌కు మిగిలిన కొద్ది మందుల్లో అదొకటి, దాన్ని ఇలా పాడుచేసుకుంటే రేపు మన పిల్లలకే దొరకదు.

ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం, తికమకగా మాట్లాడటం, ఫిట్స్, ఒళ్లు చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా ఊళ్లో సెలైన్లతో ఆగకుండా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇలాంటి తీవ్రమైన కేసుల మీద మన దేశంలోనే మంచి పరిశోధన జరిగింది. వేలూరు సీఎంసీ డాక్టర్ జార్జ్ వర్గీస్ ఆధ్వర్యంలో 7 ఆసుపత్రుల్లో సుమారు 800 మంది రోగుల మీద చేసిన ఆ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. డాక్సీసైక్లిన్ ఒక్కటే, అజిత్రోమైసిన్ ఒక్కటే, రెండూ కలిపి, ఇలా మూడు రకాలుగా నరం ద్వారా ఇచ్చి చూశారు. మరణం, ఏడో రోజుకీ వదలని అవయవ సమస్యలు, అయిదో రోజుకీ దిగని జ్వరం, వీటిలో ఏదో ఒకటి ఎదురైనవాళ్లు ఒకే మందు తీసుకున్నవాళ్లలో 47, 48 శాతం ఉంటే, రెండూ తీసుకున్నవాళ్లలో 33 శాతమే. మరణాలను విడిగా చూస్తే మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. మీవాళ్లు ఐసీయూలో ఉంటే రెండు మందులూ ఇస్తున్నారా అని డాక్టరును అడగవచ్చు. ఇంట్లో ఉండి తగ్గించుకోగలిగిన మామూలు కేసుకు మాత్రం ఒక్క మందే చాలు.

టీకా ఉందా అని చాలామంది అడుగుతున్నారు. లేదు. ఈ బ్యాక్టీరియాలో రకాలు చాలా ఉన్నాయి, ఒక రకానికి వచ్చిన రోగనిరోధక శక్తి ఇంకో రకం నుంచి ఎక్కువ కాలం కాపాడదు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావచ్చు, వాళ్లూ ఈ జాగ్రత్తలన్నీ పాటించాల్సిందే.

మనిషి నుంచి మనిషికి ఇది అంటదు. రోగిని వేరే గదిలో పెట్టక్కర్లేదు, కంచం గ్లాసు వేరు చేయక్కర్లేదు, పక్కన కూర్చుని అన్నం పెట్టవచ్చు. అయితే రోగితో పాటు అదే చేలో గడ్డి కోసినవాళ్లు ఎవరెవరో కనుక్కుని వాళ్లకు కబురు చెప్పండి, ఆశా కార్యకర్తకూ చెప్పండి. పనిచేసిన రోజు నుంచి మూడు వారాల్లోపు వాళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టరు దగ్గర మొదట చెప్పాల్సింది ఆ చేను సంగతే.