ముసురుకు ముందే ఇల్లు సర్దుదాం – మూడో పాఠం: సబ్బులు, పేస్టు, ప్యాడ్ల లెక్క

మొదటి పాఠంలో తాగే నీళ్లు, రెండో పాఠంలో బియ్యం, పప్పులు చూశాం. ఈసారి చాలామంది లెక్కలోకే తీసుకోని సామాను: ఒంటి సబ్బు, బట్టల సబ్బు, పేస్టు, ప్యాడ్లు, పిల్లల డైపర్లు, దోమల క్రీము. ఇవి లేకపోతే ప్రాణం పోతుందా అనిపిస్తే 2023 జూలైని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 26 పొద్దుటి నుంచి 27 పొద్దుటి దాకా ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి జనం ఇళ్ల మీదికెక్కి కూర్చున్నారు, ఆ వెంటనే వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అట్లాంటప్పుడు అన్నం పొట్లాలు ఎవరో ఒకరు తెచ్చి పంచుతారు, ఆ గుణానికి మన దగ్గర కొదవ లేదు. కానీ ఆ బండి దగ్గరికి పోయి నలుగురి ముందు నాకు ప్యాడ్లు కావాలని ఏ ఆడపిల్ల అడుగుతుంది? అందుకే ఈ సామాను ఎవరింట్లో వాళ్లకు ఉండాల్సిందే.

ఎన్ని రోజులకు? వరంగల్, హన్మకొండ, కాజీపేటలో ఉండేవాళ్లకు పదిహేను రోజుల సామాను చాలనుకుంటా, వాన తెరిపిస్తే షాపులు తొందరగానే తెరుస్తారు. వాగు దాటితేగానీ మండల కేంద్రం రాని ఊళ్లకు, ముఖ్యంగా తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కున్నవాళ్లకు, నెల రోజులది పెట్టుకోవడం మంచిది.

ఇక అసలు పని. "మా ఇంట్లో నెలకు ఎన్ని సబ్బులు అయిపోతాయి?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, ఏదో ఒక అంకె అనేస్తారు. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, దాంట్లోనే కొత్త సబ్బు విప్పిన రోజు "స", పేస్టు విప్పిన రోజు "పే" అని రాయండి. అది అరిగి ఇంకోటి విప్పిన రోజు మళ్లీ రాయండి. రెండు అక్షరాల మధ్య ఎన్ని గడులున్నాయో అదే మీ ఇంటి వాడకం. నలుగురున్న ఇంట్లో 100 గ్రాముల సబ్బు తొమ్మిది రోజులు వచ్చిందనుకుందాం, నెలకు నాలుగు సబ్బులు.

అయితే నాలుగు దగ్గర ఆగొద్దు. విపత్తుల్లో సాయం చేసే సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి నెలకు 250 గ్రాముల ఒంటి సబ్బు, 200 గ్రాముల బట్టల సబ్బు ఉండాలి. అంటే నలుగురికి కిలో ఒంటి సబ్బు, మన నాలుగు సబ్బులకు రెండింతల కంటే ఎక్కువ! బురద నీళ్లలో తిరిగి వచ్చినప్పుడల్లా కాళ్లు చేతులు రుద్దుకోవాలి, దొడ్డికి పోయొచ్చాక, వంటకు ముందు, పిల్లలకు తినిపించే ముందు కడుక్కోవాలి, మామూలు రోజుల వాడకం అక్కడ సరిపోదు. నేనైతే మధ్యలో ఆగుతా: లెక్క నాలుగు వస్తే ఆరు పెట్టండి. బట్టల సబ్బు మాత్రం వాళ్లు చెప్పినంతా, అదీ బిళ్లలే కొనండి, కరెంటు లేనప్పుడు వాషింగ్ మెషిన్ పౌడరు డబ్బాను చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

ఒంటి సబ్బు కొనేటప్పుడు కవరు వెనక సన్నటి అక్షరాల్లో టీఎఫ్‌ఎం అని ఉంటుంది, చూడండి. సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పే అంకె అది. 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది. వానాకాలపు తేమలో తక్కువ గ్రేడు సబ్బు పెట్టెలోనే మెత్తబడి జారిపోతుంది. ఐదు రూపాయలు తక్కువని దాన్ని కొంటే నష్టం మనకే. ఎక్కువ సబ్బులు ఒకేసారి కొంటే పాడవుతాయని భయం వద్దు, కాస్త ఎండిన సబ్బు గట్టిపడి ఇంకొన్ని రోజులు ఎక్కువే వస్తుంది.

శానిటైజర్ ఉంది కదా, సబ్బెందుకు అంటారా? చేతికి బురదో నూనో అంటి ఉంటే శానిటైజర్ పని చేయదు. చిన్న సీసా ఒకటి ఉంచుకోండి, 60 శాతానికి తక్కువ కాకుండా ఆల్కహాల్ ఉన్నది, అదీ పొయ్యికి దూరంగా. షాంపూ సీసాలు అక్కర్లేదు, ఓ దండ ప్యాకెట్లు చాలు. కుంకుడుకాయలు మంచివే, కానీ నానబెట్టి, పిసికి, తలకు పోసుకోవడానికి అయ్యే నీళ్లు ఆ రోజుల్లో ఎక్కడ దొరుకుతాయి? గడ్డం సామాను ఊసే వద్దు, పెరిగితే పెరగనివ్వండి.

ప్యాడ్ల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇంటి సామాను చీటీ మగవాళ్లు రాసే చోట ఇదే జారిపోతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకొకటి మార్చాలంటే రోజుకు కనీసం నాలుగు, ఐదు రోజులకు ఇరవై. ఇంట్లో ఇద్దరుంటే నలభై. ప్యాకెట్ల లెక్కన కొనకండి, ఒక్కో ప్యాకెట్లో ఆరో, ఏడో, ఎనిమిదో ఉంటాయి, లోపల ఎన్నున్నాయో చూసి కొనండి. ఇంకో నెలకు కూడా ఉంటే టెన్షన్ ఉండదు. గుడ్డ ప్యాడ్లు వాడేవాళ్లు కూడా వానాకాలానికి కొన్ని కొన్నవి ఉంచుకోండి, గుడ్డను బాగా ఉతికి ఎండలో ఆరేస్తేనే మంచిది, ముసురు పట్టిన వారంలో ఎండ ముఖమే కనపడదు. తడి ఆరని గుడ్డ వాడితే దురద, పుండ్లు. కొత్తగా మొదలైన పిల్లలుంటే వాళ్లమ్మ సరిగ్గా చూపించి చెప్పాలి, సామాను ఎక్కడుందో పిల్లకే తెలియాలి. 2018 జూలై నుంచి ప్యాడ్ల మీద జీఎస్టీ లేదు, ఆ మాత్రం ఊరట ఉంది.

పేస్టు గడువు తేదీ ట్యూబు తోక దగ్గర నొక్కి ముద్రించి ఉంటుంది, వెలుతురులో వంచి చూస్తేనే కనపడుతుంది. మనిషికొక కొత్త బ్రష్షు విడిగా ఉంచండి, వరద నీళ్లు తాకిన బ్రష్షును కడిగి వాడతామంటే కుదరదు, పారేయాల్సిందే. డైపర్లు మాత్రం ఎక్కువ కొనకండి, పిల్లలు ఆర్నెల్లలో సైజు దాటేస్తారు.

అన్నీ ఎక్కడ పెట్టాలి? కింద గూట్లో పెడితే ముందు మునిగేది అదే. పెయింట్ అయిపోయిన 20 లీటర్ల బకెట్, మూత గట్టిగా పట్టేది, బాగా కడిగి ఆరబెట్టి, దాంట్లో సర్ది సజ్జ మీద పెట్టండి. మూత ఎందుకంటే తేమకు మాత్రమే కాదు, ఎలుకలు సబ్బును కొరుక్కు తింటాయి, పొద్దున లేచేసరికి సబ్బు అంచు చుట్టూ సన్నటి పంటి గాట్లు కనపడతాయి. బియ్యం డ్రమ్ము పక్కన సబ్బులు పెట్టకండి, అన్నం వండినప్పుడు ఆ వాసనే వస్తుంది. ప్యాడ్లు ముందు ప్లాస్టిక్ కవర్లో వేసి ముడేసి అప్పుడు బకెట్లో పెట్టండి. రేపు అవసరమొస్తే అదే బకెట్ స్నానానికి పనికొస్తుంది.

ఇంకో మాట, ప్రాణాల మీదికొచ్చేది. నీళ్లు తీశాక ఇల్లు కడగడానికి బ్లీచింగ్ పౌడర్ కొంటాం. ఒకసారి విప్పితే తేమకు దాని బలం పోతుంది, అందుకే చిన్న ప్యాకెట్లే కొనండి. బాత్రూములు కడిగే యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, తలుపులేసి ఉన్న గదిలో ఊపిరాడదు.

డబ్బుల గురించి. అన్నీ ఒకేసారి కొనాలని అప్పు చేయకండి. నెల సామానులో ఒక సబ్బు, ఒక పేస్టు ఎక్కువ రాయించుకుంటూ పోతే మృగశిర కార్తె నాటికి బకెట్ నిండుతుంది. నింపి మరిచిపోతే లాభం లేదు, వాడుకోవడానికి బకెట్ పైనుంచి పాతది తీయండి, కొత్తది అడుగున పెట్టండి. మేడారం జాతరకు సంచి కట్టేటప్పుడు మనింటి ఆడవాళ్లు ఇదంతా కాగితం లేకుండానే చేస్తారు, వాళ్లనే అడగండి, లెక్క పక్కాగా వస్తుంది.

ఇంటి పని: ఈ రోజే క్యాలెండర్‌లో "స", "పే" మొదలుపెట్టండి. ఇంట్లో ఇప్పుడున్న పేస్టు ట్యూబుల తేదీలు చూసి, గడువు దగ్గర పడినవి ముందు వాడటానికి బయట పెట్టండి. వచ్చే పాఠం మందుల డబ్బా, షుగరు, బీపీ మాత్రలు వాడేవాళ్లు మీ చీటీలు దగ్గర పెట్టుకుని చదవండి.